సూటిన్ పక్షుల చిత్రాలు

ఖాయిమ్ సూటిన్ (1893–1943) పారిస్‌లో స్థిరపడిన యూదు చిత్రకారుడు. 1920ల నడుమ ఆయన వేసిన చచ్చిన కోళ్లు, టర్కీ కోళ్లు, బాతుల చిత్రాలు స్టిల్ లైఫ్ ప్రక్రియను కొత్త దారి పట్టించాయి. బల్ల మీద పెట్టిన వస్తువులను చూసి వేసే ఈ చిత్రాల్లో పక్షులకు చాలా కాలంగా చోటుంది. 17వ శతాబ్దపు డచ్ చిత్రకారుడు యాన్ వీనిక్స్ వంటివారు వేటలో చిక్కిన పక్షులను ఈకల మెరుపుతో సహా కలిగినవారి ఇళ్ల గోడల కోసం చిత్రించారు. సూటిన్ కోడి ఎవరి గొప్పనూ చాటదు. అది చచ్చేటప్పుడు పడిన బాధనే చూపిస్తుంది.

సూటిన్ పుట్టింది నేటి బెలారస్‌లో, మిన్స్క్ దగ్గరి స్మిలోవిచిలో. తండ్రి పాత బట్టలు కుట్టి బతికే పేదవాడు. బొమ్మలు గీయడాన్ని మత సంప్రదాయం ఒప్పుకోని ఇల్లు అది. ఊరి పెద్ద ఒకరి బొమ్మ గీసినందుకు దెబ్బలు తిన్నాడనీ, అందుకు పరిహారంగా వచ్చిన డబ్బుతోనే చిత్రకళ నేర్చుకోడానికి బయల్దేరాడనీ చెబుతారు. మిన్స్క్, విల్నాలలో చదివి 1913లో పారిస్ చేరాడు. పేద కళాకారులు ఉండే లా రూష్ భవనంలో తలదాచుకున్నాడు. ఆ రోజుల్లోనే ఇటలీ చిత్రకారుడు మోదిల్యానీ స్నేహం దొరికింది.

తొలినాళ్ల చిత్రాల్లో ఆకలి సూటిగా కనిపిస్తుంది. 1916 నాటి హెర్రింగ్ చేపల చిత్రంలో పళ్లెం మీదికి వచ్చిన రెండు ఫోర్కులు ఎముకలు తేలిన చేతుల్లా చేపల వైపు చాచి ఉంటాయి. ఫోర్కు లాంటి మామూలు వంటింటి వస్తువుతో ఇంత చెప్పించిన చిత్రకారులు అరుదు.

1922 చివర్లో అమెరికా సేకర్త ఆల్బర్ట్ బార్న్స్ ఆయన చిత్రాలను యాభైకి పైగా ఒకేసారి కొన్నాడు. దాంతో దరిద్రం తీరింది. కానీ అప్పటికే కడుపులో పుండు ముదిరి, కోరింది తినే భాగ్యం లేకుండా పోయింది. పక్షుల చిత్రాలలో ముఖ్యమైనవి ఈ కాలానివే. ఆయన బజారుకు వెళ్లి మెడ పొడుగ్గా, చర్మం నీలిగా ఉన్న బక్క కోడి కోసం వెతికేవాడట. దుకాణదారు చూపించే కండపట్టిన కోళ్లు ఆయనకు అక్కర్లేదు. తెచ్చినదాన్ని కొక్కేనికి వేలాడదీసి, ఎదురుగా నిలబడి, చిక్కటి రంగును కుంచెతో మెలితిప్పుతూ వేగంగా వేసేవాడు. నీలం, పసుపు, ఎరుపు ఒకదాని మీదికి ఒకటి దూసుకొస్తాయి. ఈకలేవో, గాయాలేవో విడదీయలేం. ముందుగా రేఖాచిత్రం గీసుకునే అలవాటు లేదు కాబట్టి రూపం మొత్తాన్నీ రంగే కట్టాలి. ఈ చిత్రాల బలం అక్కడే ఉంది.

1925లో స్టూడియోలో ఎద్దు కళేబరాన్ని వేలాడదీసి చిత్రించినప్పుడు, రంగు మారకుండా దాని మీద రక్తం పోయించేవాడు. దుర్వాసన భరించలేక ఇరుగుపొరుగు ఫిర్యాదు చేస్తే ఆరోగ్య శాఖవాళ్లు వచ్చారు. ఆ చిత్రానికి ప్రేరణ పారిస్ లూవ్ర్ మ్యూజియంలోని డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ చిత్రం (1655). అదే మ్యూజియంలో ఫ్రెంచ్ చిత్రకారుడు శార్దాఁ వేసిన రే చేప చిత్రాన్ని తీసుకుని సూటిన్ తనదైన తీరులో మళ్లీ వేశాడు. పాత గురువులను అంత భక్తితో చూసినవాడిని కేవలం ఆవేశపరుడని కొట్టిపారేయడం సరికాదు.

ఈ చిత్రాలను హింసాత్మకమనేవారు ఉన్నారు. చిన్నతనంలో ఊళ్లో కసాయి ఒక పక్షి మెడ కోయడం చూసి అరవబోతే, అతని ముఖంలోని సంతోషం చూసి ఆ కేక గొంతులోనే ఆగిపోయిందని సూటిన్ చెప్పినట్టు స్నేహితుడు ఎమిల్ సిత్యా రాశాడు. ఆ కేకను బయటికి తేవాలన్నదే తన ప్రయత్నమని కూడా అన్నాడట. వేలాడే కోడి తెరిచిన ముక్కును ఈ మాట తెలిశాక చూస్తే, అక్కడ కనిపించేది క్రూరత్వం కాదు, కరుణ.

నచ్చని చిత్రాలను సూటిన్ తానే చింపేసేవాడు. నాజీ ఆక్రమణ కాలంలో పల్లెల్లో దాక్కుంటూ, పుండు చిట్లి, శస్త్రచికిత్స తర్వాత 1943 ఆగస్టు 9న పారిస్‌లో మరణించాడు. 1950లో న్యూయార్క్ మోడర్న్ ఆర్ట్ మ్యూజియం ఆయన చిత్రాలతో పెద్ద ప్రదర్శన పెట్టింది. అమెరికా నైరూప్య చిత్రకారుడు విలెమ్ డి కూనింగ్ తనకు అత్యంత ఇష్టమైన చిత్రకారుల్లో సూటిన్‌ను చెప్పుకున్నాడు. పారిస్‌లోని ఒరాంజెరీ మ్యూజియంలో ఆయన చిత్రాలు 22 ఉన్నాయి. ఈకలు పీకిన కోడి, టమాటాల పక్కన టర్కీ వాటిలోనివే.