వేలూరు, గుడియాత్తం: ప్రత్యేక సంకేతాలున్న పేర్లను వెబ్‌లో వెతకడం

తమిళనాడులోని వేలూరు జిల్లా కేంద్రం వేలూరు. అదే జిల్లాలో కౌండిన్య నది ఒడ్డున ఉన్న పట్టణం గుడియాత్తం. చిత్తూరు సరిహద్దు దగ్గరే కావడంతో ఇక్కడ తెలుగు మాట్లాడేవారు కొత్తేమీ కాదు. వైద్యం కోసం వేలూరు వెళ్లే ఆంధ్రులూ ఎక్కువే. వీళ్లు వెబ్‌లో ఈ ఊళ్లను తెలుగు, తమిళ, రోమన్ లిపులు మూడింటిలోనూ వెతకాల్సి వస్తుంది. పేరులోని చుక్కను, గీతను, పొల్లును యంత్రం లెక్కలోకి తీసుకుంటుందా, వదిలేస్తుందా అన్నదాన్నిబట్టి ఫలితాలు మారిపోతాయి.

ఎక్కువ తికమక పెట్టేది గుడియాత్తమే. రైల్వే వాడే ఇంగ్లిషు స్పెల్లింగులో చివర రెండు టీలు, తాలూకా పేరులో టీ పక్కన హెచ్. అంతవరకైతే సర్దుకోవచ్చు. తమిళ లిపిలో క, గలకు ఒకటే అక్షరం, ట, డలకూ అంతే. గ్రంథాలయ పట్టికలు ఉచ్చారణను కాక అక్షరాన్ని పట్టుకుని రోమన్‌లోకి మారుస్తాయి కాబట్టి ఈ ఊరు అక్కడ 'కుటియాత్తం' అవుతుంది: మొదటి టీ కింద చుక్క, ఏ మీద అడ్డగీత. కేరళ సంస్కృత నాటకం కూడియాట్టాన్ని అదే పద్ధతిలో రాస్తే యూ మీద కూడా గీత వస్తుంది, టీలు మూడింటి కిందా చుక్కలు పడతాయి. ఈ చుక్కలూ గీతలూ తీసేశారా, ఊరూ నాటకమూ అక్షరం తేడా లేకుండా ఒక్కటే! సాధారణ శోధన యంత్రాలు చేసేది చాలావరకు ఇదే. కూడియాట్టం 2001లో యునెస్కో గుర్తింపు పొందిన కళ కాబట్టి ఆ స్పెల్లింగుతో వెతికితే నాటకమే ముందు నిలబడుతుంది. పక్కన వేలూరు అని చేర్చడమో, కేరళ అన్న మాటకు ముందు మైనస్ గుర్తు పెట్టడమో చేయాలి. మైనస్‌కూ మాటకూ నడుమ ఖాళీ వదలకూడదు. తెలుగు లిపిలో వెతికేవారికి ఈ గొడవే లేదు.

వేలూరు పేరు యూనికోడ్‌లో మరో వింత చూపిస్తుంది. తెలుగులో వేలూరు, తమిళంలో వేలూర్, రెండూ ఆరేసి సంకేతాలే: వ, ఏత్వం, ల, ఊత్వం, ర, చివర తెలుగులో కొమ్ము, తమిళంలో పొల్లు. రెండు లిపుల పట్టికలనూ ఐఎస్‌సీఐఐ అనే భారతీయ ప్రమాణం వరుసలోనే అమర్చారు కాబట్టి మొదటి అయిదు సంకేతాలకూ తమిళ సంఖ్యకు 128 కలిపితే సరిగ్గా తెలుగు సంఖ్య వస్తుంది. అయినా యంత్రం దృష్టిలో ఒక్కటీ కలవదు. అక్షరాలను మాత్రమే పోల్చే చోట తెలుగు మాటకు తమిళ పుట దొరకదు. గూగుల్ వంటివి రెండూ ఒకే ఊరని గుర్తిస్తే అది వేరే పరిజ్ఞానం చలవ. ఇక పాత తెలుగు వాడుకలోని రాయవేలూరును విడిగా వెతకడమే మేలు.

కంటికి కనిపించని సంకేతం ఇంకొకటుంది. 'వేలూర్‌లో' అని రాసినప్పుడు పొల్లు నిలబడాలంటే ర్ తర్వాత వెడల్పులేని విడదీత గుర్తు పడాలి. లేకుంటే అది 'వేలూర్లో' అయిపోతుంది. యూనికోడ్ పోలిక నియమాల ప్రకారం ఆ గుర్తును లెక్కించనక్కర్లేదు. కానీ ఉన్నది ఉన్నట్టు పోల్చే డేటాబేస్‌లో ఇవి రెండు వేర్వేరు మాటలు. అలాంటి చోట 'వేలూర్' వరకే ఇచ్చి వెతికితే రెండూ దొరుకుతాయి.

వెబ్ చిరునామాలో ఒక్కో తెలుగు సంకేతం మూడు బైట్లు, ఒక్కో బైటూ శాతం గుర్తుతో కలిపి మూడు అక్షరాలు. ఆ లెక్కన వేలూరు 54 అక్షరాల తోక అవుతుంది. వాట్సాప్‌లో పంపేటప్పుడు ఆ తోక మధ్యలో తెగితే లంకె పనిచేయదు.

2020 జూన్‌లో తమిళనాడు ప్రభుత్వం 1,018 ఊళ్ల ఇంగ్లిషు స్పెల్లింగులను తమిళ ఉచ్చారణకు దగ్గరగా మార్చబోయింది. అడ్డగీతలకు బదులు 'వే'కు రెండు ఈలు, 'లూ'కు రెండు ఓలు పెట్టడంతో వేలూరు కాస్తా చదివేవారికి 'వీలూర్' అయింది. విమర్శలు రావడంతో అదే నెలలో ఉత్తర్వును ఉపసంహరించుకున్నారు.

యూనికోడ్‌కు ముందటి ఫాంట్లలో కూర్చిన పాఠాలది మరో సమస్య. అను ఫాంట్లలో కూర్చిన తెలుగు తెరమీద వేలూరుగానే కనిపించినా, లోపల ఉన్నది రోమన్ సంకేతాల వరుస. దాన్ని యూనికోడ్‌లోకి మార్చేదాకా ఊరి పేరుతో వెతికితే అది చిక్కదు.