ఆరు వోల్టుల నుండి పన్నెండు వోల్టులకు: పల్నాడు వ్యవసాయ చరిత్రకు పాత ట్రాక్టరు సాక్ష్యం

ఉపోద్ఘాతం

గురజాల అనగానే చరిత్ర విద్యార్థికి నలగామరాజు, పన్నెండవ శతాబ్దం, కారెంపూడి యుద్ధభూమి స్ఫురిస్తాయి. ఆ గతాన్ని శాసనాలు, వీరగాథ, వీరుల గుడి మనకు అందించాయి. 1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదలిన తరువాత ఇదే నేలపై సాగు మారిన తీరును తెలుసుకోవాలంటే రాతి శాసనాలు చాలవు. ఆ మార్పులో పాల్గొన్న యంత్రాలను కూడా చదవాలి. పాత ట్రాక్టరులోని విద్యుత్ అమరికను చారిత్రక ఆధారంగా ఎలా పరిశీలించవచ్చో చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

వోల్టేజి ఎందుకు పెరిగింది?

1939లో వచ్చిన ఫోర్డ్ 9ఎన్, 1947 నుండి 1952 వరకు తయారైన 8ఎన్ ట్రాక్టర్లు ఆరు వోల్టులవి. బ్యాటరీలో మూడు సెల్లులు. పాజిటివ్ కొస బాడీకి ఎర్తు. పెట్రోలు ఇంజనును తిప్పడానికి ఆ శక్తి సరిపోయేది. అయితే అంతే శక్తిని పన్నెండు వోల్టుల వద్ద అందిస్తే కరెంటు సగమవుతుంది. అదే తీగలో వేడిగా పోయే నష్టం నాలుగో వంతుకు తగ్గుతుంది. డీజిల్ ఇంజనులో స్పార్కు ఉండదు. గాలిని బాగా అదిమి, ఆ వేడితోనే ఇంధనాన్ని మండించాలి. కనుక సెల్ఫ్ మోటారుకు ఎక్కువ బలం కావాలి.

మన దేశంలో ఐషర్ సంస్థ 1959లో ట్రాక్టర్ల తయారీ ప్రారంభించింది. టాఫే 1960లో మద్రాసులో ఏర్పడింది. దేశీయ పరిశ్రమ డీజిల్ పునాదిపై ఎదగడంతో పన్నెండు వోల్టుల పద్ధతి స్థిరపడింది. అందువల్ల పల్నాడులో ఎక్కడైనా ఆరు వోల్టుల ట్రాక్టరు కనిపిస్తే, అది సాగర్ నీటికి ముందరి దిగుమతి తరానికి చెందినదా అన్న ప్రశ్న వేసుకోవాలి.

మార్పు మిగిల్చే జాడలు

బ్యాటరీ ఒక్కటి మార్చినంత మాత్రాన పని పూర్తికాదు. పాత బల్బులు మాడిపోతాయి. ఇగ్నిషన్ కాయిలు మార్చాలి, లేదా దానికి ముందు రెసిస్టరు కలపాలి. డైనమో తీసి ఆల్టర్నేటరు బిగిస్తే సాధారణంగా నెగటివ్ ఎర్తు చేయాలి. లేకపోతే అందులోని డయోడ్లు కాలిపోతాయి. అమ్మీటరు తీగలు తారుమారు చేయాలి. పాత సెల్ఫ్ మోటారును అలాగే ఉంచితే అది వేగంగా తిరుగుతుంది గాని, ఫ్లైవీలు పళ్లపై దెబ్బ ఎక్కువగా పడుతుంది.

ఈ పనులన్నీ యంత్రంపై గుర్తులు వదులుతాయి. ఆరు వోల్టుల నాటి లావుపాటి కేబుళ్లు, వాటి పక్కనే తరువాతి సన్నని తీగలు, ఆల్టర్నేటరు కోసం వెల్డింగు చేసిన పట్టీ: ఇవి ఒక శాసనంపై తరువాతి కాలంలో చెక్కిన పంక్తుల వంటివి. ఏది ముందు, ఏది తరువాత అన్నది వాటిని బట్టి నిర్ణయించవచ్చు.

ముగింపు

పాత ట్రాక్టరును తుక్కుకు వేస్తే ఈ సాక్ష్యం పోతుంది. 'అసలు రూపం' తేవాలని ఆల్టర్నేటరు ఊడదీసి మళ్లీ డైనమో బిగించినా పోతుంది. ఫ్యాక్టరీ రూపం దక్కుతుంది గాని, మెకానిక్ చేతిపని చెరిగిపోతుంది. కనుక క్షేత్రపరిశోధకులు ముందుగా ఎర్తు దిశ, సెల్లుల సంఖ్య, కేబుళ్ల మందం, చేర్పుల స్వభావం నమోదు చేయాలి. యజమాని, మెకానిక్ చెప్పే మాటలను వాటితో పోల్చి చూడాలి. ఫ్యాక్టరీ చేసిన యంత్రం కంపెనీ చరిత్రను చెబుతుంది. ఊరి మెకానిక్ మార్చిన యంత్రం ఆ ఊరి చరిత్రను చెబుతుంది.