డెంగీ: జ్వరం తగ్గిన రోజే పిల్లలను కనిపెట్టుకోవాలి
పుదుచ్చేరిలోని సారం ప్రాంతానికి ఈశాన్య రుతుపవనాల వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. దోమల వ్యాధులపై పరిశోధించే ఐసీఎంఆర్ కేంద్రం 1975 నుంచి ఈ ఊళ్లోనే ఉన్నా, పిల్లలకు డెంగీ వస్తే మొదటి కాపలా ఇంట్లోవాళ్లదే.

వాళ్లు పొరబడేది జ్వరం దిగినప్పుడు. సాధారణంగా 3 నుంచి 7వ రోజు మధ్య, ఒళ్లు చల్లబడే వేళ రక్తనాళాల నుంచి ప్లాస్మా బయటికి కారవచ్చు. ఆ 24–48 గంటలే కీలకం. ఆగని వాంతులు, తీవ్రమైన కడుపునొప్పి, చిగుళ్ల నుంచి రక్తం, మగత, కాళ్లూచేతులూ చల్లబడటం కనిపిస్తే వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. 4–6 గంటలుగా మూత్రం పోయకపోయినా అంతే.

అందరూ ప్లేట్‌లెట్ల లెక్కే అడుగుతారు కానీ, రక్తం చిక్కబడుతోందని చెప్పేది హెమటోక్రిట్ పెరుగుదల. జ్వరానికి పారాసిటమాల్ మాత్రమే, అదీ బరువును బట్టి. ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్ రక్తస్రావాన్ని పెంచవచ్చు.