బంగారం లేని నేల మీద విడిది

శని, ఆదివారాలు వస్తే హైదరాబాద్ పట్నం కార్లన్నీ మా శామీర్‌పేట వైపే తిరుగుతాయి. హకీంపేట, తూంకుంట దాటాక రాజీవ్ రహదారికి అటూ ఇటూ రిసార్టులు, దాబాలు, ఫంక్షన్ హాళ్ళు బారులు తీరి ఉంటాయి. చెరువు దగ్గర పర్యాటక శాఖ గదుల్లోనో, చెట్ల మధ్య ఏదో ఒక రిసార్టులోనో ఒక రాత్రి ఉంటారు. పొద్దున్నే కట్ట మీద నాలుగడుగులు నడిచి, జవహర్ జింకల పార్కులో పిల్లలకు నెమళ్ళను చూపించి వెళ్తారు. వాళ్ళకు శామీర్‌పేట సేదతీరే చోటు. ఇక్కడే పుట్టి పెరిగిన మాకు ఈ చెరువూ, రోడ్డూ, తోటలూ కూడు పెట్టిన పని చోట్లు. ఆ కథ తెలిసి ఉంటే ఈ విడిదికి ఇంకాస్త రుచి వస్తుంది.

మాది గని ఊరు కాదు గానీ, పాత గనుల ఊళ్ళు విడిది ఊళ్ళుగా మారడం లోకంలో కొత్తేమీ కాదు. దక్షిణాఫ్రికాలో 1873లో బంగారం బయటపడిన పిల్‌గ్రిమ్స్ రెస్ట్ ఇవాళ యాత్రికులు చూసి వెళ్ళే ఊరు. మన నిజాం రాజ్యానికీ ఒక బంగారు గని ఉండేది. రాయచూరు జిల్లా లింగసుగూరు తాలూకాలోని హట్టి అది. సుమారు రెండు వేల ఏళ్ళ కిందటే అక్కడ మనుషులు ఆరు వందల అడుగులకు పైగా లోతుకు దిగి తవ్వారని, ఆ పాత గుంతల్లో దొరికిన కొయ్యల వయసును బట్టి శాస్త్రజ్ఞులు తేల్చారు. కొత్త కాలంలో ఆ గని 1902 నుంచి 1920 దాకా నడిచి మూతపడింది. 1947లో హైదరాబాద్ గోల్డ్ మైన్స్ కంపెనీ దాన్ని మళ్ళీ చేతికెత్తుకుంది. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగినప్పుడు జిల్లాతోపాటు గనీ కన్నడ సీమకు పోయింది.

గనుల కథకూ మా ఊరికీ సంబంధం ఏమిటంటే, ఈ రోడ్డే. నిజాం రాజ్యంలో గనుల హక్కులు పొందిన హైదరాబాద్ (దక్కన్) కంపెనీ 1886లో లండన్‌లో పుట్టింది. బొగ్గు తవ్వకం మొదలుపెట్టిందీ ఆ కంపెనీయే. 1920లో ఏర్పడిన సింగరేణి కాలరీస్ దాని ఆస్తులను, అప్పులను తన చేతికి తీసుకుంది. మా చెరువు పక్కనుంచి కరీంనగర్ మీదుగా రామగుండం పోయే ఈ రహదారి ఆ బొగ్గు సీమకే చేరుతుంది. బొగ్గుబావుల కుటుంబాలు పట్నానికి వస్తూ పోతూ బస్సు కిటికీలోంచి మా చెరువును చూస్తూనే ఉన్నాయి.

మా కాళ్ళ కింద మాత్రం బంగారమూ లేదు, బొగ్గూ లేదు. ఉన్నది రాయి. దాదాపు 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైటు. ఆ రాయితో ఇక్కడి మనుషులకు ఉన్న పొత్తు చాలా పాతది. మాకు దగ్గర్లోని కీసరగుట్ట మీద విష్ణుకుండినుల కాలపు కోట గోడలు, పెద్ద పెద్ద ఇటుకలు తవ్వకాల్లో బయటపడ్డాయి. అక్కడే ఒక బండ మీద ‘తొలుచువాన్డ్రు’ అని చెక్కి ఉంది. సుమారు 5వ శతాబ్దం నాటి ఈ రాతను తెలంగాణలో దొరికిన తొలి తెలుగు శాసనంగా చరిత్రకారులు లెక్కిస్తారు. దానాలూ బిరుదులూ ఏమీ లేవు అందులో. రాయి తొలిచి బతికినవాళ్ళ ఊసే ఉంది.

రాతి నేల మీద పడ్డ వాన ఆగదు, జారిపోతుంది. అందుకే ఇక్కడ బతుకంతా చెరువు చుట్టూ అల్లుకుంది. శామీర్‌పేట పెద్ద చెరువు నిజాంల కాలంలో కట్టింది. పై గుట్టల నుంచి వాగులు తెచ్చిన నీటిని కట్ట ఆపుతుంది, తూము పొలానికి వదులుతుంది, నిండాక మిగిలింది మత్తడి దూకి కింది కుంటలకు పోతుంది. ఎవరి మడికి ఎంతసేపు నీరు పారాలో చూసుకోవడం నీరటి పని. కట్ట మీది మైసమ్మకు బోనం ఎత్తడమూ ఆ లెక్కలో భాగమే. అమ్మ చల్లగా ఉంటే కట్ట తెగదు, పంట ఎండదు. ఇప్పుడు మీరు ఫొటోలు దిగే కట్ట వరి కోసం పోసిన మట్టి.

చెరువు తర్వాత ఈ సీమకు పేరు తెచ్చింది ద్రాక్ష. హైదరాబాదు పెరళ్ళలో మొదలైన అనాబ్-ఎ-షాహి రకం మేడ్చల్, శామీర్‌పేట చెలకల్లోకి పాకి, ఎకరాలకు ఎకరాలు పందిళ్ళు కమ్మేసింది. మనిషెత్తు రాతి కడీలు వరుసగా పాతి, పైన ఇనుప తీగను వల మాదిరిగా లాగి, ద్రాక్ష తీగను దాని మీదికి ఎక్కించేవారు. వేసవిలో ఒక కత్తిరింపు, అక్టోబరులో ఇంకో కత్తిరింపు. ఆ తర్వాత బూజు తెగులు రాకుండా మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మందు పిచికారీ. ఫిబ్రవరి వచ్చిందంటే తెల్లారకముందే కూలీలు కత్తెర్లతో పందిరి కిందికి వంగి చేరేవారు. బంగారు గని లేని లోటు ఆ లేత పసుపు గుత్తులు కొన్నేళ్ళు తీర్చాయి. తర్వాత బోర్లు లోతుకు పోయాయి, కూలీ ఖర్చు పెరిగింది, ఎకరం ధర పంట లెక్కను మించిపోయింది. పందిళ్ళు దిగాయి. ఆ కడీలు మాత్రం పోలేదు. కొత్త వెంచర్ల కంచెల్లో, ఫామ్‌హౌసుల గేట్ల దగ్గర చూడండి, తీగ గుచ్చిన బెజ్జాలు తల దగ్గర ఇంకా కనబడతాయి.

తర్వాతి మార్పులు వేగంగా జరిగాయి. 1998లో నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం పుట్టి మా దగ్గర స్థిరపడింది. తుర్కపల్లి చుట్టూ మందులు, టీకాల కంపెనీల జీనోమ్ వ్యాలీ పెరిగింది. కరోనా కాలంలో దేశంలో వేసిన టీకాల్లో ఒకటైన కోవాగ్జిన్ అక్కడి భారత్ బయోటెక్‌దే. ఔటర్ రింగు రోడ్డు వచ్చింది. 2016లో మేడ్చల్ పేరుతో జిల్లా ఏర్పడింది. నిజాం కాలంలో మన్మాడ్ దాకా వేసిన పాత రైలు దారి మీద 2023లో ఎంఎంటీఎస్ లోకల్ రైలు మేడ్చల్ చేరింది. ప్యారడైజ్ నుంచి శామీర్‌పేట దాకా ఎలివేటెడ్ కారిడార్‌కు 2024 మార్చిలో శంకుస్థాపన జరిగింది. దారి దగ్గరైన కొద్దీ అతిథులు పెరుగుతున్నారు. మంచిదే, మా ఊరి పిల్లలకు రిసార్టుల్లో, హోటళ్ళలో పని దొరుకుతోంది.

అయితే ఈ కొత్త బతుకుదెరువుకూ పెట్టుబడి ఆ పాత చెరువే. గని తవ్విన కొద్దీ తరుగుతుంది. ఎంతో పేరున్న కోలారు గనులు సైతం 2001లో మూతపడ్డాయి. చెరువుకు ఆ శాపం లేదు, మంచి వాన పడిన ప్రతి ఏడూ కొత్తగా నిండుతుంది. నీళ్ళొచ్చే వాగు తెరిచి ఉండాలి, అంతే. వాగును పూడ్చి ప్లాట్లు చేస్తే ఎంత వాన కురిసినా కట్ట దాకా చుక్క రాదు. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుల నీటి హద్దు నుంచి 30 మీటర్ల దాకా కట్టడాలు కూడదని 2012 నాటి భవన నిబంధనలే చెబుతున్నాయి.

కాబట్టి విడిదికి వచ్చేవారికి ఊరివాడిగా ఒక మనవి. తప్పకుండా రండి, కట్ట మీద నడవండి, కీసరగుట్ట ఎక్కి ఆ బండ రాతను చూడండి. గది తీసుకునేటప్పుడు మురుగు ఎటు పోతోందని ఒక్క మాట అడగండి. ఇక్కడ జాగా కొనే ఆలోచన ఉంటే, బ్రోచరు పక్కన పెట్టి ముందు చెరువు ఎఫ్‌టీఎల్ (నిండు నీటి మట్టం) పటం చూడండి. వాగు దారిలో ఉన్న ప్లాటు ఎంత చవకగా వచ్చినా కొనకండి.