ఉద్దానం వాసులకు అలర్ట్.. బీపీ, షుగర్ చేసిన డ్యామేజ్ కంట్లో కనిపిస్తుంది.. ఈ టెస్ట్ చేయించారా?

ఒంట్లో రక్తనాళాలు ఎలా ఉన్నాయో కోత లేకుండా నేరుగా చూడగలిగే చోటు ఒకటుంది.. అదే కన్ను! కంటి వెనక ఉండే రెటీనా మీద సన్నటి రక్తనాళాలు డాక్టర్‌కి స్పష్టంగా కనిపిస్తాయి. బీపీ, షుగర్ వాటిని దెబ్బతీస్తే ఆ గుర్తులు అక్కడ బయటపడతాయి. కిడ్నీ జబ్బుతో ఏళ్ల తరబడి ఇబ్బంది పడుతున్న ఉద్దానంలో ఈ విషయం ప్రతి ఇంటికీ తెలియాలి.

కిడ్నీకి, కంటికి లింకేంటి?

కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతాల్లో కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందో కచ్చితమైన కారణం ఇప్పటికీ తేలలేదు. అయితే కిడ్నీ దెబ్బతింటే బీపీ పెరగడం మామూలే. అదుపు తప్పిన బీపీ రెటీనానూ పాడుచేస్తుంది. షుగర్ కూడా ఉంటే ముప్పు ఇంకా ఎక్కువ. మొదట్లో నొప్పి ఉండదు, చూపూ తగ్గదు. తేడా తెలిసేసరికి ఆలస్యం కావచ్చు.

కళ్లజోడు పరీక్ష చాలదు

అక్షరాలు చదివించి నంబర్ ఇచ్చే పరీక్ష వేరు. చుక్కల మందు వేసి రెటీనాను చూసే పరీక్ష వేరు. షుగర్ ఉన్నవాళ్లు రెండోదాన్ని ఏడాదికోసారి చేయించుకోవాలి. బీపీ, కిడ్నీ పేషెంట్లు ఎప్పుడు చేయించాలో డాక్టర్‌ని అడగాలి. మందు వేశాక కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది. కాబట్టి బైక్ నడపొద్దు.. తోడు ఒకరిని తీసుకెళ్లండి.

కిడ్నీ సమస్య ఉన్నట్టు కంటి డాక్టర్‌కి ముందే చెప్పాలి. కంటి ప్రెషర్ తగ్గించే కొన్ని మాత్రలు కిడ్నీ పేషెంట్లకు పడవు.

జీడి రసం, ఉప్పుగాలితో జాగ్రత్త

పలాస-కాశీబుగ్గలో జీడి పిక్కలు కొట్టేవాళ్లకు ఆ రసం చర్మాన్ని ఎలా కాలుస్తుందో తెలిసిందే. అదే చేత్తో కన్ను నలిపితే ప్రమాదం. కంట్లో పడితే వెంటనే రెప్పలు తెరిచి, మంచి నీళ్లతో కనీసం 15 నిమిషాలు ఆపకుండా కడగాలి. ఆ తర్వాత ఆస్పత్రికి వెళ్లాలి. నూనె, పాలు, ఆకు పసర్లు పోయొద్దు.

బారువ, భావనపాడు తీరంలో వేటకెళ్లే మత్స్యకారులకు ఎండ, గాలి వల్ల తెల్లగుడ్డు మీద కండ పెరిగే అవకాశం ఎక్కువ. టోపీ, యూవీ రక్షణ ఉన్న కళ్లద్దాలు వాడితే మేలు.

కంటి గురించి ఈ వింతలు తెలుసా?

* నల్లగుడ్డుపై అద్దంలా ఉండే కార్నియాలో రక్తనాళాలే ఉండవు. దానికి కావాల్సిన ఆక్సిజన్ ఎక్కువగా గాలి నుంచే అందుతుంది.
* మామూలుగా నిమిషానికి 15 నుంచి 20 సార్లు రెప్ప వేస్తాం. ఫోన్‌లో వీడియో చూస్తుంటే అది బాగా తగ్గిపోతుంది. కళ్లు మంటలెక్కేది అందుకే. ప్రతి 20 నిమిషాలకు ఒకసారి 20 అడుగుల దూరంలోని వస్తువును 20 సెకన్లు చూడండి.
* ప్రతి కంట్లో చూపులేని ఓ చిన్న చోటుంటుంది. ఆ ఖాళీని మెదడే పూరించేస్తుంది. అలాగే ఒక కన్ను దెబ్బతిన్నా రెండోది కవర్ చేస్తుంది. అందుకే అప్పుడప్పుడు ఒక్కో కన్ను మూసి చూసుకోవాలి.

ఇవి కనిపిస్తే అదే రోజు ఆస్పత్రికి

చూపు ఉన్నట్టుండి తగ్గడం, కంటి ముందు ఒక్కసారిగా నల్ల చుక్కలు, మెరుపులు రావడం, తెర అడ్డుపడినట్టు ఉండటం, ఎర్రబడి తీవ్రంగా నొప్పి పుట్టడం. వీటిలో ఏది కనిపించినా మెడికల్ షాపులో చుక్కల మందు కొనుక్కుని ఊరుకోవద్దు. స్టెరాయిడ్ ఉన్న చుక్కలు సొంతంగా వాడితే నీటికాసుల జబ్బు వచ్చే ముప్పుంది. దానివల్ల పోయిన చూపు తిరిగి రాదు.

మీ ఇంట్లో బీపీ, షుగర్ మాత్రలు వేసుకునే పెద్దవాళ్లున్నారా? వాళ్ల రెటీనా చివరిసారి ఎప్పుడు చూపించారో ఇవాళే అడగండి.

(గమనిక: ఇది అవగాహన కోసమే. చికిత్స విషయంలో డాక్టర్ సలహానే పాటించాలి.)