గోడ మీద రాసిన నీటి లెక్క



మన సంఘం మీటింగులో ముందుగా ఏం చేస్తాం? పుస్తకం తెరుస్తాం. ఎవరు ఎంత పొదుపు కట్టారు, ఎవరి అప్పు ఎంత ఉంది, నిల్వ ఎంత ఉంది అని అందరి ముందు చదువుతాం. నిల్వ చూడకుండా అప్పులిచ్చే సంఘం ఎన్నాళ్లు నిలుస్తుంది? భూమి లోపలి నీటి విషయంలో మాత్రం మన ఊళ్లు చాలా కాలం అలాగే నడిచాయి. ఆ నీటికి కూడా లెక్క రాసుకున్న ఊళ్ల చరిత్ర ఇది.

రాయలసీమలో, పాలమూరులో, నల్లగొండలో ఒకప్పుడు మోటబావులే ఆధారం. బావిలోకి తొంగిచూస్తే నీరెంత ఉందో కంటికి కనబడేది. తగ్గితే తగ్గిందని ఊరందరికీ తెలిసేది. బోర్లు వచ్చాక ఆ చూపు పోయింది. పైపులో నీళ్లు వచ్చినంతకాలం ఉన్నాయనుకోవడం, ఆగిపోతే ఇంకో బోరు వేయించడం అలవాటైంది. పక్క చేనాయన 200 అడుగులు వేస్తే మనం 300 అడుగులు వేశాం. బోరు ఎండితే మెడలో గొలుసు కుదువకు పోయేది. నీళ్లబిందె కోసం నడక పెరిగేది. ఆ భారం ఎవరి మీద పడిందో మీకు చెప్పనక్కరలేదు.

1995లో నెదర్లాండ్స్ దేశం సాయంతో ఏపీవెల్ అనే పథకం మొదలైంది. చిన్న రైతులు కొందరు కలిసి ఒక బోరు వాడుకోవడం అందులో పద్ధతి. అది నడుస్తుండగా ఒక సంగతి తేలింది. బోరు ఇస్తే చాలదు, అడుగున ఉన్న నీటిని కాపాడకపోతే కొత్త బోరు కూడా ఎండుతుంది. 2002లో వాల్టా చట్టం వచ్చింది. కొత్త బోరుకు అనుమతి తీసుకోవాలని చట్టం చెప్పింది. కానీ మన ఊరి కింద నీరెంత ఉందో చట్టం చెప్పలేదు కదా.

ఆ పని కోసం 2003 తర్వాత ఏపీఎఫ్ఏఎంజీఎస్ అనే పథకం నడిచింది. పేరు పెద్దదే గానీ అర్థం చిన్నది: భూగర్భ జలాన్ని రైతులే చూసుకోవాలి. అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల్లో ఆరు వందలకు పైగా ఊళ్లలో స్వచ్ఛంద సంస్థలు దీన్ని నడిపించాయి. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ కూడా తోడ్పడింది. ఊరి భూగర్భ జల కమిటీల్లో మగవాళ్లతో పాటు ఆడవాళ్లూ సభ్యులు.

పని ఎలా జరిగేదంటే, వాన పడినప్పుడల్లా ఊళ్లోవాళ్లే వానమాపకం చూసి రాసేవాళ్లు. ఎంచుకున్న బోర్లలో టేపు దించి నీరు ఎంత లోతున ఉందో కొలిచేవాళ్లు. డ్రమ్ము నిండడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూసి, బోరు ఎంత పోస్తుందో లెక్క కట్టేవాళ్లు. ఆ అంకెలన్నీ ఊరి నడుమ బోర్డు మీద రాసేవాళ్లు. ఊరికి అదే నీటి వార్త. బస్సు కోసం నిలబడ్డవాళ్లు కూడా చదివేవాళ్లు.

నేర్చుకోవడానికి రైతు నీటి బడులు పెట్టారు. బడి అంటే బెంచీలు కాదు, చేను గట్టే తరగతి గది. కొలిచి చూడడమే పాఠం. ఒక ఉదాహరణ చూడండి. ఎకరం నేల మీద ఒక మిల్లీమీటరు వాన పడితే సుమారు 4,000 లీటర్ల నీరు. ఎకరం వరికి ఇంచుమించు 1,200 మిల్లీమీటర్లు కావాలి. వేరుశనగకు 500 చుట్టూ సరిపోతుంది. అంటే ఒక ఎకరం వరి తాగే నీటితో రెండెకరాల వేరుశనగ పండుతుంది. ఈ లెక్కకు పెద్ద చదువు అక్కరలేదు. పొదుపు లెక్క వచ్చినవాళ్లకు ఇదీ వస్తుంది.

రబీకి ముందు అందరూ కలిసి సభ పెట్టుకునేవాళ్లు. ఈ ఏడు వాన ఎంత, లోపలికి ఇంకింది ఎంత, ఎవరు ఏ పంట వేద్దామనుకుంటున్నారు అని లెక్క వేసేవాళ్లు. అదే పంటల నీటి బడ్జెట్. లోటు తేలితే ఎవరినీ బలవంతం చేయలేదు, జరిమానా వేయలేదు. అంకె చూసుకుని ఎవరి ఇంట్లో వాళ్లు నిర్ణయించుకున్నారు. చాలామంది వరి తగ్గించి ఆరుతడి పంటలకు మళ్లారు. భూగర్భ జలాల మీద 2010లో వచ్చిన ప్రపంచ బ్యాంకు నివేదిక ఈ అనుభవాన్ని ప్రత్యేకంగా చెప్పింది.

ఉన్నమాట చెప్పుకోవాలి. పథకం డబ్బు ఆగాక అన్ని ఊళ్లలో కొలతలు నిలవలేదు. బోర్డు రంగు వెలిసిపోయిన చోట మళ్లీ ఎవరి బోరు వాళ్లదే అయింది. సంఘం కూడా అంతే కదా, పుస్తకం రాయడం మానేసిన నాడే అది చెదరడం మొదలవుతుంది.

వారం వారం పుస్తకం రాసే అలవాటు మనకు ఉంది. 2019లో మొదలైన జల జీవన్ మిషన్ కూడా ఊరికి ఐదుగురు మహిళలకు నీటి పరీక్ష నేర్పాలని చెప్పింది. మీ ఊళ్లో ఆ ఐదుగురు ఎవరో అడిగి తెలుసుకోండి. వచ్చే గ్రామ సంఘం మీటింగులో పొదుపు, అప్పు చదివాక ఇంకొక్క వరుస రాయించండి: ఈ నెల వాన ఎంత, మన బోరులో నీరు ఎంత లోతున ఉంది. ఎవరైనా బోరు కోసం అప్పు అడిగితే, ఆ వరుస చదివాకే సంతకం పెడదాం.