స్క్రిప్టింగ్ భాషల్లో అసమకాలిక ఫైల్ పఠన, లేఖనం

డిస్కు మీది ఫైల్‌ను చదవమనో, అందులో రాయమనో అడిగి, ఆ పని పూర్తయ్యేదాకా నిలబడిపోకుండా ప్రోగ్రామ్ వేరే పనిలోకి వెళ్లే పద్ధతిని అసమకాలిక ఫైల్ పఠన, లేఖనం అంటారు. ప్రోగ్రామర్ల వాడుకలో దీని పేరు ‘ఎసింక్’. టిసిఎల్, పెర్ల్, పైథాన్, జావాస్క్రిప్ట్, రూబీ, పీహెచ్‌పీ వంటి స్క్రిప్టింగ్ భాషలన్నిటిలో ఇది ఏదో ఒక రూపంలో దొరుకుతుంది. దీని చరిత్రను బ్రౌజర్ బయట జావాస్క్రిప్ట్‌ను నడిపే, 2009 నాటి నోడ్ జేఎస్‌తో మొదలుపెట్టి, భాషల ప్రతిభగా చెప్పడం పరిపాటి. ఆధారాలు వేరే కథ చెబుతున్నాయి. నెట్‌వర్క్ విషయంలో ఈ భాషలు ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నెల్ ఇచ్చిన వసతిని వాడుకున్నాయి. ఫైళ్ల విషయంలో కెర్నెల్ ఇవ్వని వసతిని థ్రెడ్లతో, అంటే ఒకే ప్రోగ్రామ్‌లో సమాంతరంగా నడిచే పనివరుసలతో, తామే కల్పించుకున్నాయి. అంటే ఇది కెర్నెల్‌లోని ఒక లోటును భాషలు పూడ్చుకుంటూ వచ్చిన చరిత్ర. ఎసింక్ ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ పేరుకే మిగులుతుందో ఈ లోటును బట్టే తేలుతుంది.

లోటుకు మూలం యూనిక్స్ చేసుకున్న ఒక పాత ఊహలో ఉంది. 1983లో 4.2 బీఎస్‌డీతో వచ్చిన ‘సెలెక్ట్’ అనే సిస్టమ్ కాల్, ఒకేసారి అనేక కనెక్షన్ల మీద కన్నేసి, ఏది సిద్ధంగా ఉందో ప్రోగ్రామ్‌కు చెబుతుంది. టెర్మినల్ ముందున్న మనిషి ఎప్పుడు కీ నొక్కుతాడో, అవతలి కంప్యూటర్ ఎప్పుడు బదులిస్తుందో తెలియదు కాబట్టి అక్కడ ఈ ప్రశ్నకు అర్థం ఉంది. డిస్కు మాత్రం మన పెట్టెలోనే ఉంది, కొద్ది మిల్లీసెకన్లలో తప్పకుండా జవాబిస్తుంది అనుకున్నారు. అందువల్ల మామూలు ఫైల్ గురించి సెలెక్ట్‌ను ఎప్పుడు అడిగినా ‘సిద్ధం’ అనే జవాబే వస్తుంది. ఆ మాట నమ్మి చదవబోతే, డేటా మెమరీలో లేనప్పుడు, డిస్కు జవాబిచ్చేదాకా ప్రోగ్రామ్ ఆగిపోవలసిందే. ఇది అన్ని సిస్టమ్‌లకూ అనివార్యమైన పరిమితి కాదు. 1977 నాటి వీఎంఎస్‌లో ఫైల్ పనిని కెర్నెల్‌కు అప్పగించి, పూర్తయ్యాక కబురు అందుకునే ఏర్పాటు ఉంది. వీఎంఎస్, విండోస్ ఎన్‌టీ రెంటికీ సారథ్యం వహించిన డేవ్ కట్లర్ చేతుల మీదుగానే 1993లో విండోస్ ఎన్‌టీలోకి కూడా అది వచ్చింది. అయితే స్క్రిప్టింగ్ భాషలు పుట్టి పెరిగింది ఎక్కువగా యూనిక్స్ ఇంట్లో. ఆ ఇంటి లోటే వాటికి వారసత్వంగా వచ్చింది.

జాన్ ఔస్టర్‌హౌట్ రూపొందించిన టిసిఎల్ 1996 నాటి 7.5 వెర్షన్‌లో సిద్ధమైన పనులను ఒక్కొక్కటిగా అందుకునే ఈవెంట్ లూప్‌ను భాషలోకే తెచ్చింది. సాకెట్ల మీద, పైపుల మీద అది చక్కగా నడిచింది. మామూలు ఫైల్ మీద పెడితే పై కారణం వల్లనే ఎప్పుడూ ‘సిద్ధం’ అంటూ ఉండేది. 2002 ప్రాంతంలో పైథాన్‌లో వచ్చిన ఫ్రేమ్‌వర్క్ ట్విస్టెడ్‌కూ ఇదే అనుభవం. దారి మార్చింది పెర్ల్. మార్క్ లేమాన్ 2005 ప్రాంతంలో విడుదల చేసిన ‘ఐఓ ఏఐఓ’ మాడ్యూల్ కెర్నెల్ వైపు చూడకుండా కొన్ని థ్రెడ్లను పక్కన పెట్టుకుంది. ఆగిపోయే పనిని వాటికి అప్పగించి, అవి ముగించాక అసలు ప్రోగ్రామ్‌కు కబురు పంపేది. ఆ ఆలోచననే ఆయన ‘లిబ్‌ఈఐఓ’ అనే సీ లైబ్రరీగా విడదీశాడు. నోడ్ తొలి వెర్షన్లు ఫైళ్ల కోసం వాడింది ఈ లిబ్‌ఈఐఓనే. జావాస్క్రిప్ట్ ప్రపంచం తన విశిష్టతగా చెప్పుకునే ఎసింక్ ఫైల్ పనికి వేరు పెర్ల్‌లో ఉందన్న సంగతికి దక్కవలసినంత గుర్తింపు దక్కలేదు.

కెర్నెల్ లోపలే దీన్ని సరిచేయాలన్న ప్రయత్నం జరగకపోలేదు. అందులో ఒక ముఖ్యమైన అధ్యాయం కొంతవరకు కర్ణాటకలో సాగింది. 1993 నాటి పోసిక్స్ ప్రమాణం అసమకాలిక పఠన, లేఖనాలకు ఫంక్షన్లు నిర్దేశించింది. లినక్స్‌లో జీలిబ్‌సీ అనే సీ లైబ్రరీ వాటిని కూడా లోలోపల థ్రెడ్లతోనే నడిపింది. ఆ తర్వాత బెంజమిన్ లాహైస్ లినక్స్ 2.5 సిరీస్‌లో కెర్నెల్‌కు సొంత ఎసింక్ వసతి చేర్చాడు. అయితే అది నిజంగా ఆగకుండా పనిచేసేది, ఫైల్ డేటాను మెమరీలో ఉంచే కెర్నెల్ పేజ్ క్యాష్‌ను దాటేసి నేరుగా డిస్కుతో మాట్లాడినప్పుడే. మామూలు ఫైళ్లకూ దాన్ని విస్తరించే పనిని ఐబీఎం లినక్స్ టెక్నాలజీ సెంటర్ బృందం చేపట్టింది. బెంగళూరు నుంచి పనిచేసిన సుపర్ణా భట్టాచార్య, ఆమెతో పాటు స్టీవెన్ ప్రాట్, బదరీ పులవర్తి, జానెట్ మోర్గాన్ 2003 జులైలో ఒట్టావా లినక్స్ సింపోజియంలో సమర్పించిన పత్రం ఈ విషయానికి ఇప్పటికీ మంచి ఆధారం. మధ్యలో ఆగవలసి వస్తే పనిని వదిలి బయటికి వచ్చి, డేటా అందాక అక్కడి నుంచి మళ్లీ ప్రయత్నించడం వారి పద్ధతి. మామూలు ఫైళ్ల కోసం వారు రాసిన ప్యాచ్‌లు పూర్తిగా ప్రధాన కెర్నెల్‌లో చేరలేదు. ‘మళ్లీ ప్రయత్నించే’ ఆ ఏర్పాటునే 2013లో తొలగించారు. డేటాబేస్ కంపెనీలకు క్యాష్‌ను దాటేసే దారి సరిపోయింది, ఎందుకంటే వాటికి తమ సొంత క్యాష్ ఉంటుంది. స్క్రిప్టింగ్ భాషలకు అది కుదరదు. ఆ దారిలో మెమరీ చిరునామా, చదివే పరిమాణం డిస్కు బ్లాకు హద్దులకు సరిపడేలా ఉండాలి. మెమరీ నిర్వహణను భాషకే వదిలేసి, ఎంత పొడవు వాక్యమైనా రాసుకునే స్క్రిప్టు నుంచి ఆ క్రమశిక్షణ ఆశించలేం. ఐబీఎం బృందం ఎంచుకున్న సమస్యే అసలు సమస్య. అది అప్పుడే తీరి ఉంటే ఆ తర్వాతి పదహారేళ్ల కథ వేరుగా ఉండేది.

2009 నవంబరులో బెర్లిన్ జేఎస్‌కాన్ఫ్‌లో ర్యాన్ డాల్ నోడ్‌ను పరిచయం చేస్తూ చూపిన లెక్క ప్రసిద్ధమైంది. ప్రాసెసర్ పక్కనున్న తొలి క్యాష్‌ను చేరడానికి 3 సైకిళ్లు, ర్యామ్‌కు 250, డిస్కుకు 4 కోట్ల 10 లక్షలు, నెట్‌వర్క్‌కు 24 కోట్లు. ఇంత వ్యత్యాసం ఉన్నప్పుడు ర్యామ్‌కూ డిస్కుకూ ఒకే తీరు ఫంక్షన్ కాల్ ఉండటం తప్పు అన్నది ఆయన వాదం. వాదం సరైనదే. కానీ నోడ్‌లో ఆ రెండు పెద్ద అంకెలకూ దొరికిన పరిష్కారాలు వేర్వేరు. 2011 నుంచి లిబ్‌యూవీ లైబ్రరీ ఆధారంగా నడుస్తున్న నోడ్, నెట్‌వర్క్ పనిని కెర్నెల్ చేతే చేయిస్తుంది. ఫైల్ పనిని థ్రెడ్ల గుంపుకు అప్పగిస్తుంది. తాలూకా కచేరీలో కిటికీ దగ్గర కూర్చున్న గుమాస్తా పహణీ (భూమి రికార్డు) అర్జీ తీసుకుని, రికార్డు గదికి అటెండర్‌ను పంపి, తర్వాతి అర్జీ అందుకోవడం లాంటిది ఇది. వరుస కదులుతూనే ఉంటుంది. అయితే లిబ్‌యూవీ మామూలుగా పెట్టుకునే అటెండర్లు నలుగురే. డీఎన్‌ఎస్ లుకప్, కొన్ని గూఢలిపి లెక్కలు, జిప్ కుదింపు కూడా ఆ నలుగురి నెత్తినే పడతాయి. నాలుగు ఫైళ్లు నెమ్మదించిన నెట్‌వర్క్ డిస్కు మీద ఇరుక్కుంటే, వాటితో ఏ సంబంధమూ లేని వెబ్ చిరునామా వెతుకులాట కూడా ఆగిపోతుంది. ‘ఎసింక్ కాబట్టి ఆగదు’ అని నమ్మినవారికి ఈ ఆలస్యం అంతుపట్టదు. థ్రెడ్ల సంఖ్య పెంచుకునే వీలుంది. కానీ పెంచాలని తోచాలంటే అక్కడ థ్రెడ్లు ఉన్నాయని ముందు తెలియాలి.

పైథాన్ ఈ విషయంలో నిజాయితీగా వ్యవహరించింది. గైడో వాన్ రాసమ్ 2012 చివర ప్రతిపాదించిన ఎసింక్ఐఓ 2014లో 3.4 వెర్షన్‌తో విడుదలైంది. 2015లో 3.5 వెర్షన్ ఎసింక్, అవెయిట్ అనే మాటలను భాషలోకి తెచ్చింది. అయినా ఆ మాడ్యూల్‌లో సాకెట్లు ఉన్నాయి, సబ్‌ప్రాసెస్‌లు ఉన్నాయి, ఫైళ్లు లేవు. కెర్నెల్ చేయని పనిని చేస్తున్నట్టు చూపించలేదు. కావలసినవారు ఎఐఓఫైల్స్ అనే బయటి ప్యాకేజీ వాడుకుంటారు. అది కూడా థ్రెడ్లదే. 2020లో 3.9 వెర్షన్ ‘టు థ్రెడ్’ అనే ఫంక్షన్ ఇచ్చి, జరుగుతున్నదేమిటో పేరులోనే చెప్పింది. కెర్నెల్ లోటును భాషలే పూడ్చుకున్నాయన్న వాదానికి ఇంతకంటే సూటి సాక్ష్యం అక్కర్లేదు. రూబీ 3.0 ఫైబర్ షెడ్యూలర్‌తోనూ, పీహెచ్‌పీ 8.1 ఫైబర్లతోనూ రాసే తీరును సుళువు చేశాయి; అడుగున ఉన్న లోటు అలాగే ఉంది.

ఎసింక్ వసతి ఫైల్ రాతలో, ముక్కలుగా చదవడంలో కొత్త జాగ్రత్తలను తెచ్చిపెట్టింది. ముక్కలుగా చదవడంలోని చిక్కుకు కర్ణాటకలోని బళ్ళారి లాంటి సరిహద్దు జిల్లా తగిన పరీక్షా స్థలం. మద్రాసు రాష్ట్రంలోని దత్తమండల జిల్లాగా ఉండి, 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో కలవగా తక్కినది మైసూరుకు చేరిన ప్రాంతం ఇది. ఇక్కడ ఎన్నో ఇళ్లలో తెలుగు, కచేరీల్లో కన్నడం నడుస్తాయి. ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు రెండు లిపుల్లోనూ దాచవలసి వస్తుంది. యూటీఎఫ్-8లో ఈ రెండు లిపుల్లోని ప్రతి సంకేతానికీ 3 బైట్లు పడతాయి. ‘బళ్ళారి’ అన్న మాట ఏ లిపిలో రాసినా 7 సంకేతాలు, 21 బైట్లు. తొలి బైట్ రెండు లిపులకూ ఒకటే, 224. రెండో బైట్ 176 లేదా 177 అయితే తెలుగు, 178 లేదా 179 అయితే కన్నడం. మూడో బైట్ మళ్లీ తరచు రెంటికీ ఒకటే: తెలుగు ‘బ’కూ కన్నడ ‘బ’కూ అది 172. నోడ్‌లో ఫైల్ స్ట్రీమ్ మామూలుగా 65,536 బైట్ల ముక్కలుగా చదువుతుంది. ఆ సంఖ్య 3తో నిశ్శేషంగా భాగించబడదు, 1 మిగులుతుంది. మధ్యలో వచ్చే ఖాళీలు, అంకెలు ఒక్కో బైటే కాబట్టి కోత ఎక్కడ పడుతుందో ముందే చెప్పలేం. తొలి బైట్ దగ్గర తెగితే ఆ అక్షరం తెలుగో కన్నడమో కూడా ఆ ముక్క చెప్పలేదు. వచ్చిన ముక్కను వచ్చినట్టే వాక్యంగా మార్చి అతికిస్తే పేరు మధ్యలో ప్రశ్నార్థకపు గుర్తులు పడతాయి. మిగిలిన బైట్లను తర్వాతి ముక్క వచ్చేదాకా పట్టి ఉంచే స్ట్రింగ్ డీకోడర్ నోడ్‌లో ఉన్నది ఇందుకే. ఇంగ్లిష్ అక్షరాలతోనే పరీక్షించిన ప్రోగ్రామ్‌లో ఈ లోపం ఎన్నడూ బయటపడదు. తెలుగు, కన్నడ రికార్డుల మీద మొదటి రోజే బయటపడవచ్చు.

రాత సంగతి ఇంకా సూక్ష్మం. ఒకే ఫైల్ మీద వెనువెంటనే రెండు రాతలు పంపి మొదటిది ముగిసేదాకా ఆగకపోతే, అవి వేర్వేరు థ్రెడ్లకు చేరి వరుస తారుమారు కావచ్చు. అలా చేయడం సురక్షితం కాదని నోడ్ పత్రాలే హెచ్చరిస్తాయి. ‘రాయడం పూర్తయింది’ అని కబురు వచ్చినా, రాత డిస్కుకు చేరినట్టు కాదు, కెర్నెల్ క్యాష్‌కు చేరినట్టు మాత్రమే. లినక్స్ మామూలు సెట్టింగ్‌లో అది అక్కడ సుమారు 30 సెకన్ల దాకా ఉండిపోగలదు. ఈలోగా కరెంటు పోతే రాత పోతుంది. భూమి రికార్డులాంటి విలువైన డేటా డిస్కుకు చేరాలంటే ‘ఎఫ్‌సింక్’ అని విడిగా అడగక తప్పదు. ఇంకో విధంగా చూస్తే, రాతను కెర్నెల్ ఎప్పటి నుంచో తనంత తానే అసమకాలికంగా చేస్తోంది. భాషలు పూడ్చవలసిన లోటు ప్రధానంగా చదవడంలోనిది.

ఈ వాదానికి ఎదురయ్యే ఆక్షేపణల్లో బలమైనది ఇది: థ్రెడ్లతోనైనా సరే, ప్రోగ్రామ్ ఆగకుండా సాగుతోంది కదా, లోపల ఏముంటే ఏమిటి? వందలాది మందికి ఒకేసారి జవాబివ్వవలసిన సర్వర్‌కు ఈ మాట వర్తిస్తుంది. అక్కడ థ్రెడ్ల గుంపు నిజంగా మేలు చేస్తుంది, ఆ మేలును ఈ వ్యాసం కాదనడం లేదు. అయితే ఒక్కసారి నడిచి ముగిసే స్క్రిప్టుకు అది వర్తించదు. ఇటీవల చదివిన చిన్న ఫైల్ ఎటూ పేజ్ క్యాష్‌లో ఉంటుంది. దాన్ని నేరుగా చదవడం కంటే థ్రెడ్‌కు అప్పగించి కబురు అందుకోవడానికే ఎక్కువ సమయం పట్టవచ్చు. నోడ్ కూడా ‘రిక్వైర్’ చేసిన మాడ్యూళ్లను ఆగి మరీ చదువుతుంది.

రెండో ఆక్షేపణ: 2019 మే నెలలో లినక్స్ 5.1తో జెన్స్ ఆక్స్‌బో తెచ్చిన ఐఓ యూరింగ్ అనే కెర్నెల్ వసతి ఈ చర్చకు కాలం చెల్లేలా చేసింది కదా? మామూలు ఫైళ్లకూ కెర్నెల్ స్థాయి ఎసింక్ ఇచ్చినది అదే, నిజమే. 2023లో లిబ్‌యూవీ 1.45 ఫైల్ పనులకు దాన్ని వాడటం మొదలుపెట్టింది. కానీ అదే ఏడాది గూగుల్, తన కెర్నెల్ బహుమతి పథకానికి 2022లో వచ్చిన దాడుల్లో 60 శాతం ఐఓ యూరింగ్ మీదివేనని వెల్లడించి, క్రోమ్ ఓఎస్‌లో దాన్ని నిలిపేసింది. ప్రోగ్రామ్ తన అధికారాలను వదులుకున్నా ముందే తెరిచిన ఐఓ యూరింగ్‌కు అవి మిగిలిపోతున్నాయన్న లోపం 2024 ఫిబ్రవరి నాటి నోడ్ భద్రతా ప్రకటనల్లో ఉంది. నోడ్ ఐఓ యూరింగ్‌ను మామూలుగా ఆపి ఉంచి, కోరినవారే తెరుచుకునేలా చేసింది. పైగా ఐఓ యూరింగ్ కూడా, వెంటనే ముగించలేని కొన్ని పనులను కెర్నెల్‌లోని థ్రెడ్లకే అప్పగిస్తుంది.

కాబట్టి నేటి స్క్రిప్టింగ్ భాషల్లో ఎసింక్ ఫైల్ పని అంటే, చాలా వరకు, పెర్ల్ మాడ్యూల్ 2005 ప్రాంతంలో వేసిన థ్రెడ్ల దారే. సర్వర్ రాసేవారు దాన్ని వాడాలి, థ్రెడ్లు ఎన్ని ఉన్నాయో లెక్క చూసుకోవాలి. ఒకసారి నడిచి ముగిసే స్క్రిప్టు రాసేవారు నేరుగా చదువుకోవడమే మంచిది. తెలుగు, కన్నడ ఫైళ్లను ముక్కలుగా చదివేవారు డీకోడర్‌ను తప్పనిసరిగా పెట్టుకోవాలి.